కాగని డప్పుకు చప్పట్లు

మీరు వినలేదు. చూశారు, చప్పట్లు కొట్టారు, వీడియోను ఒకరికొకరు పంపుకున్నారు, దాని కింద ఫోన్లో దొరికే నిప్పు బొమ్మలు వరుసగా పెట్టారు. కానీ మా వదిన డప్పును మీలో ఎవరూ వినలేదు. విని ఉంటే ఆ వీడియోను పంపుకునేవాళ్లే కాదు. నిప్పు బొమ్మలు పెట్టడానికైతే సిగ్గుపడేవాళ్లు. ఎందుకో చెప్తాను. తొందరేం లేదు, ఆమె ఎలాగూ పోయింది.

ముసురు పట్టిన ఒక పొద్దున పోయింది. నేను రాజురాలో ఉన్నాను, పత్తి రైతుల మీటింగుకని ముందురోజే వెళ్లి. అన్న ఫోన్ చేసి "మీ వదిన లేస్తలేదే" అన్నాడు. బస్సు వార్ధా నది వంతెన మీద ఉండగా ఫోన్ మళ్లీ మోగింది. ఈసారి అన్న కాదు. ఆమె చదువుకుని, ఆ తర్వాత పాఠం చెప్పిన విశ్వవిద్యాలయ సంగీత విభాగం వాళ్ల సంతాప సందేశం. ఫోటో చుట్టూ పూల చట్రం, మరాఠీలో 'జానపద వాద్య రత్నం' అని బిరుదు, కింద ఆ వీడియో.

నేనింకా వదిన ముఖం చూడలేదు. ఇంట్లో ఇంకా ఎవరూ పాడె మాట ఎత్తలేదు. ఒక్క మాటకు జవాబివ్వడానికి ఏళ్లు తీసుకున్న ఆఫీసు, మనిషి పోయిన పూటకే రత్నాన్ని ఎట్లా తయారు చేసింది? నాకు అనుమానం అక్కడే మొదలైంది. నాకు అనుమానాలు ఎక్కువని ఇంట్లో అందరూ అంటారు. వదిన కూడా అనేది. "ఏందే ఆడబిడ్డా, చాయ్ పోసిచ్చినా కప్పు అడుగు సూస్తవ్ నువ్వు" అని. అడుగు చూడకుండా తాగేవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

మాది మహారాష్ట్రలో చంద్రపూర్ పక్కన పద్మాపూర్. కరీంనగర్ వైపు నుంచి బొగ్గు పనికి వచ్చిన కుటుంబం. గని క్వార్టర్లలో పెరిగాం. వదిన కోఠారి అనే ఊరి పిల్ల. ఆమె తండ్రి డప్పు కొట్టేవాడు, పెళ్లికీ చావుకీ పోచమ్మకూ. మాదిగ ఇంట్లో పుట్టినవాడికి ఊరు అప్పజెప్పిన పని అది. రమ్మని పిలిచేదీ ఊరే, వచ్చాక దూరంగా కూర్చోమనేదీ ఊరే. మేమూ అదే కులం. అందుకే మా నాన్న గనిలో చేరిన రోజు నుంచి డప్పును గడప లోపలికి రానివ్వలేదు. ఒంటికి బొగ్గు అంటితే కడుక్కోవచ్చు, డప్పు అంటితే పోదు అనేవాడు. ఆయన కోపం నాకిప్పటికీ అర్థమవుతుంది.

అట్లాంటి ఇంట్లోకి వదిన బట్టల పెట్టె మీద డప్పు పెట్టుకుని కాపురానికొచ్చింది. నాన్న రెండు పూటలు అన్నం ముట్టలేదు. ఆమె తలుపు చాటుకు పోలేదు, ఏడవలేదు. కంచం ఆయన ముందు పెట్టి అన్న మాట మా ఇంట్లో ఇంకా తిరుగుతూనే ఉంది.

"మామా, నేను ఊరోళ్లకు కొట్ట. ఆడదాన్ని వొచ్చి కొట్టమని ఊరు ఎన్నడన్న పిలిచిందా? నాకు నేను కొట్టుకుంట. నీకు ఇననీకె కష్టమైతే చెవులల్ల దూది పెట్టుకో, కానీ బువ్వ తిను."

నాన్న తిన్నాడు. దూది మాత్రం పెట్టుకోలేదు.

పిల్లలు పెద్దయ్యాక, నలభై దాటాక, ఆమె విశ్వవిద్యాలయంలో తాళవాద్యాల కోర్సులో చేరతానంది. చేరేముందు అడిగింది, ఇందులో డప్పు ఉంటుందా అని. మరాఠీలో దాన్ని హల్గీ అంటారు కాబట్టి ఆ పేరూ చెప్పింది. 'అన్నీ వస్తాయి' అన్నారట. ఆ 'అన్నీ' అనే మాట నాకు నచ్చలేదు. అన్నీ అన్నవాళ్లు దేన్నీ పేరుపెట్టి చెప్పరు, చూడండి కావాలంటే. చేరాక తెలిసింది, ప్రధాన వాద్యం తబలా. డప్పు రెండో ఏడులో, ఇష్టముంటే తీసుకునే ఒక చిన్న పేపరు.

నేను మండిపడ్డాను. తబలాకు మెత్త, ముసుగు, గదిలో చోటు, డప్పుకు గుమ్మం బయట చోటు అని పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. ఆమె జొన్నపిండి కలుపుతూ మొత్తం విని, తీరిగ్గా చెప్పింది.

"తబలా ఏం పాపం జేసిందే? అది గూడ తోలే. నెత్తి మీద ఇంత నల్లగ పూసిన్రు, గంతే. మనుషుల మీద కోపం తోలు మీద సూపియ్యకు."

ఈ మాట నాకు నచ్చకపోయినా రాస్తున్నాను.

తబలాను ఆమె నిజంగానే ప్రేమించింది. తన పిల్లల వయసు వాళ్ల పక్కన కూర్చుని నేర్చుకుంది. వాళ్లు 'మావశీ' అని పిలిచేవాళ్లు, చిన్నమ్మా అన్నట్టు. ఇంట్లో రొట్టె తడుతూ నోటితో ధా ధిన్ ధిన్ ధా అనుకునేది. తాళం మొదటి దెబ్బ దగ్గర చెయ్యి గట్టిగా పడి రొట్టె చినిగిపోయేది. అన్న ఆ చినిగిన ముక్క ఎత్తి చూపి "ఇయ్యాల పరీక్షల ఫెయిలైనవ్" అనేవాడు. "గది నీ ముక్కనే, తిను" అనేది ఈమె. ఆ రోజుల్లో మా ఇంట్లో గుండ్రని రొట్టె తిన్నవాళ్లు తక్కువ.

తబలా నేర్పిన సర్ ఒకాయన ఉన్నాడు. మరాఠీ ఆయన, నెమ్మదైన మనిషి. వాయించే ముందు చిన్న సుత్తితో తబలా అంచు చుట్టూ తట్టి శ్రుతి చేసేవాడు. అది అయ్యేదాకా ఎవరూ నోరు విప్పకూడదు. వదినకు ఆ సుత్తి మీద మహా మోజు. "సర్‌కు సుత్తి, నాకు నిప్పు" అనేది.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. తబలాకు సుత్తి ఎంత అవసరమో డప్పుకు మంట అంత అవసరం. తోలు తేమకు వదులైపోతుంది. గడ్డి మంటకు చూపిస్తే బిగుస్తుంది, అప్పుడే గొంతు లేస్తుంది. దీన్నే కాచడం అంటాం. కాచడం వాయించడంలో భాగం. కాగని డప్పును కొట్టడమంటే తడిసిన పరుపును కొట్టడమే. మే నెలలో మన చంద్రపూర్‌లో మంట కూడా అక్కర్లేదు, డప్పును కాసేపు ఎండలో నిలబెడితే చాలు, దానంతటదే అరుస్తుంది. మరి ఆ పేపరు పరీక్ష మాత్రం ఎప్పుడూ వానల్లోనే ఎందుకు పెట్టేవారు? కాకతాళీయమని వదిన అంది. నేను అనను.

రెండో ఏడు పరీక్ష రోజు నేను వెళ్లాను, బయటివాళ్లు కూడా హాల్లో కూర్చుని వినొచ్చు అన్నారని. పొద్దున్నుంచి వాన. వదిన ఇంటి నుంచి ప్లాస్టిక్ సంచిలో ఎండుగడ్డి తెచ్చుకుంది. విభాగం వెనక సైకిళ్ల షెడ్డు కింద ఒక మూలన మంట వేసింది. డప్పును అటూ ఇటూ తిప్పుతుండగా వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి ఎర్ర బకెట్‌లోని ఇసుక తెచ్చి మంట మీద పోశాడు. అతని తప్పేం లేదు. ఇక్కడ నిప్పు కనబడొద్దని పైనుంచి చెప్పారట. లోపల అదే సమయానికి తబలా పిల్లలు వరుసగా కూర్చుని సుత్తులతో తట్టుకుంటున్నారు. వాళ్లు శ్రుతి చేసుకునేదాకా పరీక్షకులు చాయ్ తాగుతూ ఆగారు. ఈమె కోసం ఎవరూ ఆగలేదు. పేరు పిలిచారు.

కాగని డప్పుతోనే లోపలికి పోయింది.

నేను వెనక వరుసలో కూర్చున్నాను. నాకు వాయించడం రాదు. కానీ ఆమెతో ఒకే ఇంట్లో అన్నేళ్లు ఉన్నదాన్ని. ఆమె చేతులు ఎప్పటిలాగే ఆడుతున్నాయి, దరువు మీద దరువు మారుస్తోంది, భుజం లయకు ఊగుతోంది. చూడటానికి అద్భుతం. డప్పు మాత్రం మూలుగుతోంది. ఒక్క దెబ్బ కూడా గోడకు తగిలి వెనక్కి రాలేదు. ఆమె ముఖం చూస్తే తెలుస్తుంది, తనకు ఆ శబ్దం పడటం లేదని. అయినా ఆపలేదు.

అయిపోయింది. చప్పట్లు మోగాయి. బయటి ఊరి నుంచి వచ్చిన పరీక్షకుడు కళ్లు తుడుచుకుని, ఇందులో మట్టి వాసన ఉంది అన్నాడు. మంచి మార్కులు వేశారు. ఎవరో ఫోన్లో తీశారు. మీరు ఈ వానల్లో పంపుకుంటున్న వీడియో అదే. మీరు నిప్పు బొమ్మలు పెట్టింది ఆ డప్పుకే, నిప్పు దొరకని డప్పుకు.

ఆటోలో జట్‌పురా గేటు దాటేదాకా ఆమె డప్పును ఒళ్లో పెట్టుకుని కొంగుతో తుడుస్తూనే ఉంది. మార్కులు మంచివే కదా వదినా అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"తిట్టినా బాగుండేది. మెచ్చుకున్నరు. గదే నాకు భయమైతుంది."

"భయమెందుకు?"

"రేపు మంచిగ మంటకు కాపి కొట్టినా ఇదే అంటరు గద."

పొగిడినవాళ్ల మీద అనుమానం నాకు నేను పనిచేసే పార్టీలో నేర్పలేదు, పుస్తకాల్లో దొరకలేదు. ఆ ఆటోలో నేర్చుకున్నాను. ఆమె అన్నది చదువుకున్నవాళ్లకు తెలియదని కాదు. ఆమె కూడా అక్కడ చదువుకుంటున్న మనిషే. వాళ్లు ఆ రోజు వినడానికి రాలేదు. నలభై దాటిన ఒక మాదిగ ఆడమనిషి డప్పు పట్టుకోవడం చూడటానికొచ్చారు. చూశారు. వాళ్ల పని అయిపోయింది.

మర్నాడు తబలా సర్ మెట్ల మీద ఆమెను ఆపి, నిన్న నీ హల్గీకి జలుబు చేసినట్టుంది అన్నాడట. వదిన ఇంటికొచ్చి ఈ మాట పండగ కబురులా చెప్పింది. నాకు ఒళ్లు మండింది. మరి నిన్న ఆ హాల్లోనే, అందరి ముందే ఎందుకు అనలేదు?

"ఇన్నడు గద" అంది. "గా బిల్డింగుల ఒక్కనికన్న చెవులున్నయి."

"చెవులున్నాయి, నోరు లేదు."

"నీకు నోరున్నది గద. ఇద్దర్ని కలిపితే ఒక మనిషైతరు."

మేమిద్దరం నవ్వుకున్నాం. ఆ సర్ మీద నా అనుమానం మాత్రం పోలేదు. వినకపోవడం ఒక తప్పు. విని ఊరుకోవడాన్ని ఏమంటారో మీరే చెప్పండి.

ఆమె కోర్సు పూర్తిచేసింది. కొన్నాళ్లకు విభాగం వాళ్లే పిలిచారు, డప్పు నేర్పడానికి. ఈలోగా మంట గొడవ శాశ్వతంగా తప్పుతుందని ఫైబర్ డప్పులు కొన్నారు. తోలు లేదు, కాచే పని లేదు, వానకు తడిసినా ఫర్వాలేదు. దాని మీద వదిన తీర్పు ఇదీ: "ఎప్పుడు సూడు ఒక్కతీర్గనే ఉంటది. ఎండకు అంతే, వానకు అంతే. అసొంటి మనిషిని నమ్ముతమా?"

అయినా క్లాసులో దాంతోనే నేర్పింది. సెలవు రోజుల్లో పిల్లల్ని ఇంటికి పిలిచి తోలు డప్పు చేతికిచ్చేది. వాళ్లలో ఇద్దరు అమ్మాయిలు నిలబడ్డారు. ఒకరు పద్మాపూర్ గని కార్మికుడి బిడ్డ, ఒకరు రాజురా పిల్ల. ఈ ఏడు ఆ ఇద్దరూ చివరి పరీక్షలో డప్పును ప్రధాన వాద్యంగా వాయించాలి. విభాగంలో ఇదే మొదటిసారి. వదిన అందుకే గట్టిగా పట్టుబట్టింది, ఫైబర్‌తో కాదు, తోలుతో, కాచి, అని. అడిగినప్పుడల్లా 'చూద్దాం' అన్నారు.

చూసేలోపు ఆమె ఊపిరితిత్తులు చెడ్డాయి. బొగ్గు దుమ్ము మధ్య బతికి, కరెంటు ఫ్యాక్టరీ బూడిద కింద కాపురం చేసినవాళ్లకు ఈ ఊళ్లో డాక్టర్లు చెప్పే మాటే ఆమెకూ చెప్పారు. మంచం పట్టాక డప్పు ఎత్తలేకపోయింది. స్టీలు గ్లాసు మీద వేలితో తడుతూ ఉండేది. ఒక మధ్యాహ్నం నేను పక్కన కూర్చుని ఏదో కరపత్రం రాసుకుంటున్నాను. తట్టడం ఆపింది.

"ఏం రాస్తున్నవే?"

కార్మికుల మీటింగు గురించి చెప్పాను.

"ఊరంత మంట పెడ్తవ్ నువ్వు. గా పిల్లలకు గింత గడ్డిమంట పెట్టియ్యరాదు?"

నవ్వుతూనే అంది. దగ్గు వచ్చి నవ్వు ఆగింది. పెట్టిస్తా వదినా అన్నాను. ఆ మాటే ఇప్పుడు నా మెడ మీద ఉంది.

దినాలైన తర్వాత తబలా సర్ ఇంటికొచ్చాడు. కుర్చీ అంచున కూర్చున్నాడు. సంతాప సభకు ఆమె డప్పు కావాలి అన్నాడు. సభకేనా, ఆ తర్వాత ఇంకేదైనా ఉందా అని అడిగాను. ఆయన చాయ్ కప్పులోకి చూశాడు. విభాగం మెట్ల దగ్గర గాజు పెట్టెలో, లోపల దీపం పెట్టి, ఆమె పేరుతో ఉంచాలని అనుకుంటున్నారని చెప్పాడు. అన్నకు ఇది నచ్చింది. ఇంట్లో ఉంటే ఎలుక కొడుతుంది, అక్కడైతే పదిమందీ చూస్తారు అన్నాడు. చూస్తారు, అదే నా బాధ అన్నాను. చివరికి సభ వరకే అని ఇచ్చాం.

సభ రోజు డప్పును బల్ల మీద పట్టుబట్ట పరిచి పెట్టారు. బంతిపూల దండ వేశారు. విభాగం పెద్ద ఒకరు కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్లు భక్తిగా డప్పు మీద చల్లారు.

తోలు మీద నీళ్లు. సంగీత విభాగంలో. తాళవాద్యాలు నేర్పేవాళ్ల చేత్తో.

నేను తబలా సర్ వైపు చూశాను. కుర్చీలోంచి సగం లేచాడు. మళ్లీ కూర్చున్నాడు. రాజురా పిల్ల మాత్రం పరుగెత్తుకెళ్లి చున్నీతో తోలు తుడిచింది. పక్కవాళ్లు ఆమె ఏడుస్తోందనుకుని వీపు నిమిరారు.

తర్వాత ప్రకటించారు. డప్పు గాజు పెట్టెలోకి పోతుంది. ఇద్దరు అమ్మాయిలూ గురువుగారి స్మృతిలో ఫైబర్ డప్పుతో ఏసీ హాల్లో పరీక్ష ఇస్తారు. నిప్పు ప్రమాదకరం కాబట్టి. అసలు డప్పును దాచేస్తే పిల్లలు దేంతో వాయిస్తారన్న ప్రశ్నే రాదు. ఎంత మర్యాదగా చేశారో చూడండి. కాదంటే మనమే ఆమెను అవమానించినట్టు. నేను లేచి అడగబోయాను. ముందు వరుసలోంచి ఒక పెద్దమనిషి వెనక్కి తిరిగి, ఇవాళ రాజకీయాలు వద్దు తాయీ అన్నాడు, అక్కా అన్నట్టు, ఎంతో ప్రేమగా.

రాజకీయాలు మానేశాను. బల్ల దగ్గరికి పోయి, దండ తీసి పక్కన పెట్టి, డప్పు చంకన పెట్టుకుని నడిచాను. ముందు వరుసలో అన్న ఉన్నాడు. ఆపుతాడేమో అనుకున్నాను. మోకాళ్లు పక్కకు జరిపి నాకు దారిచ్చాడు.

అమ్మాయిలిద్దరూ నా వెనకే వచ్చారు. వాన ఆగింది. గేటు బయట చాయ్ బండి ఆయన్ని అడిగితే బిస్కెట్ల అట్టపెట్టెలూ కొంచెం పొడిగడ్డీ ఇచ్చాడు. నేను వెంటనే అంటించబోతే పద్మాపూర్ పిల్ల నా చెయ్యి పట్టుకుంది.

"వొద్దు అక్కా. తడి తోలును తొందర పెడితే పగుల్తది. మేడం చెప్పింది."

బట్టతో అద్దారు. గాలికి ఆరనిచ్చారు. కొబ్బరినీళ్ల జిగటకు అప్పటికే చీమలు వస్తున్నాయి, వాటిని ఒక్కొక్కటే ఊదేశారు. తర్వాత మంట వేసి, డప్పును దూరం నుంచి చూపిస్తూ, తిప్పుతూ, నెమ్మదిగా దగ్గరికి తెచ్చారు. మొదటి దెబ్బ మందంగా పడింది. మళ్లీ కాచారు. రాజురా పిల్ల గోటితో మీటి చెవి దగ్గర పెట్టుకుంది. ఇంకొంచెం అంది. ఆ తర్వాత కొట్టిన దెబ్బ ఎదురుగా ఉన్న విభాగం గోడకు తగిలి వెనక్కి వచ్చింది. చాయ్ తాగేవాళ్లు గ్లాసులు దించారు.

పై అంతస్తులో ఒక కిటికీ తెరుచుకుంది. తబలా సర్. వినడానికి తెరిచాడో, ఆపమనడానికి తెరిచాడో నాకు తెలియదు. ఏమీ అనలేదు. మూయలేదు కూడా. వదిన ఉంటే 'ఇంటుండు' అనేది. నేనింకా ఆ కిటికీని నమ్మడం లేదు.

పరీక్ష దగ్గరపడింది. కాబట్టి విభాగాన్నీ, దాన్ని మెచ్చుకుంటున్న మిమ్మల్నీ కలిపి అడుగుతున్నాను.

వదిన డప్పు గాజు పెట్టెలోకి రాదు. ఇంకోసారి అడగడానికి ఇంటికి రావద్దు.

ఆ ఇద్దరు అమ్మాయిలు తోలు డప్పుతోనే పరీక్ష ఇవ్వాలి.

తబలాకు శ్రుతి చేసుకోవడానికి ఎంతసేపు ఆగుతారో, డప్పు కాచుకోవడానికి అంతసేపు ఆగాలి.

సైకిళ్ల షెడ్డు పక్కన రేకు కింద మంటకు ఒక చోటు కట్టాలి. పక్కన ఇసుక బకెట్ పెట్టుకోండి, మాకు అభ్యంతరం లేదు.

మార్కులు వేసేవాళ్లలో డప్పు కొట్టే మనిషి ఒకరు ఉండాలి.

డప్పు మీద కొబ్బరినీళ్లు చల్లొద్దు. అంత భక్తి ఉంటే ముందు మీ తబలాల మీద చల్లుకోండి.

ఆ వీడియోను పంపుకోవడం ఆపండి. నిప్పు బొమ్మలు తీసేయండి.

పరీక్ష రోజు పై అంతస్తు కిటికీలన్నీ తెరిచి ఉంచండి. ఎవరు వింటున్నారో కింద నిలబడి మేం చూస్తాం.